విశాఖలో డాబా మీద రేకులు వేయించేటప్పుడు గాలికి లేవకుండా ఏం చూసుకోవాలి?

పెదవాల్తేరులో మీ 20×30 అడుగుల డాబా మీద, నాలుగు వైపులా తెరిచి ఉంచి రేకులు వేయించాలనుకుంటున్నారు. 0.35 మి.మీ. రేకు వేసి, పైపులు పిట్టగోడ మీద నిలబెడితే చాలని పనివాడు అన్నాడంటున్నారు. రెండింటికీ ఒప్పుకోకండి.

కట్టడాల మీద గాలి బలాన్ని లెక్కించే భారత ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం విశాఖకు లెక్క వేసే గాలి సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గాలి అదే స్థాయిలో వీచింది. ఆ గాలి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బలం చూపిస్తుంది. రేకు బరువేమో నాలుగైదు కిలోలే. మీ 56 చదరపు మీటర్ల కప్పును పైకి లాగే బలం ఎనిమిది టన్నుల పైమాటే. అంచుల్లో, మూలల్లో ఇంకా ఎక్కువ. పన్నెండు కాళ్లు పంచుకున్నా ఒక్కోదానికి 700 కిలోలు. పిట్టగోడ ఇటుకలు ఆ లాగుడుకు ఊడొస్తాయి.

కాళ్లు కింద బీము లేదా పిల్లరు ఉన్న చోటే రావాలి. పైన వేసిన ప్లాస్టరింగు కొట్టేసి, అసలు కాంక్రీటులోకి 12 మి.మీ. కెమికల్ యాంకర్లు (రంధ్రంలో జిగురు మందు నింపి బిగించే బోల్టులు) నాలుగేసి దింపి, 10 మి.మీ. బేస్ ప్లేటు బిగించాలి. చుట్టూ చిన్న దిమ్మ పోస్తే అక్కడ నీరు నిలవదు, స్లాబు కారదు.

రేకు 0.50 మి.మీ., ఏజెడ్150 పూత (చదరపు మీటరుకు 150 గ్రాముల అల్యూమినియం-జింకు) ఉన్న గాల్వాల్యూమ్ కలర్ షీటు తీసుకోండి. కొట్లో చెప్పే మందంలో రంగు కూడా కలిసి ఉంటుంది, ఒక మూల రంగు గీకేసి మైక్రోమీటరు పెట్టి చూడాల్సిందే. 20 అడుగులకు కనీసం 2 అడుగుల వాటం. మధ్యలో అతుకు లేకుండా 22 అడుగుల నిడివిలో కోయిస్తే, మీటరు కవరేజీ లెక్కన పది రేకులు సరిపోతాయి. పర్లిన్లు (రేకును మోసే అడ్డ పైపులు) ఏడు వరసలు: చివరల్లో 3 అడుగుల ఎడం, మధ్యలో మూడున్నర.

స్క్రూల దగ్గరే అందరూ పీనాసితనం చూపిస్తారు. చూరు వైపు, పై అంచు వరసల్లో ప్రతి రిబ్బుకూ (రేకు మీద ఉబ్బెత్తు గీతకు) ఒకటి, మధ్య వరసల్లో రేకుకు మూడు. పక్క అతుకుల్లో అడుగున్నరకొక స్టిచ్ స్క్రూ (రేకును రేకుకు కలిపే చిన్న స్క్రూ). మొత్తం 55 మి.మీ.వి 280, స్టిచ్‌వి 130 దాకా పడతాయి. సముద్రం ఇంత దగ్గర కాబట్టి తుప్పును బాగా తట్టుకునే క్లాస్ 4 పూతవే వాడండి. రబ్బరు వాషరు అంచు దాటి కొంచెం ఉబ్బగానే ఆపాలి. ఇంకా తిప్పితే రబ్బరు చీలి, మొదటి వానకే కారుతుంది. రేకులు పరచడం సముద్రానికి దూరంగా ఉన్న చివర నుంచి మొదలుపెట్టించండి, అప్పుడు అతుకు నోరు గాలికి ఎదురుగా ఉండదు.

గ్రైండరుతో రేకు కోయనివ్వకండి. నిప్పురవ్వలు పూతను కాలుస్తాయి, రాలిన ఇనప రజను వారంలో తుప్పు చుక్కలవుతుంది. కత్తెరో నిబ్లరో (రేకును కొరికినట్టు కోసే యంత్రం) వాడమనండి, ఏ పూటకాపూట ఊడ్పించండి. పైపుల వెల్డింగు మచ్చలకు రెడాక్సైడ్ ఒక్కటే చాలదు, జింక్ ఎక్కువున్న ప్రైమరు పూయాలి.

తుప్పు ముందు పట్టేది వాన తగలని చూరు అడుగునే, ఉప్పు అక్కడే పేరుకుంటుంది. మూడు నెలలకోసారి మంచినీళ్ల పైపు పెట్టి ఆ అడుగును కడగండి.