300 చదరపు అడుగుల ఇల్లు సరే, కిటికీ ఎటు తెరుచుకుంటుంది?

బెంగళూరులో 300 చదరపు అడుగుల స్టూడియో ఫ్లాట్ కొంటే అందులో ఉండగలమా అని అడిగారు. ఒంటరివాళ్లయితే హాయిగా ఉండొచ్చు. పెళ్లికి ముందు నేను మారతహళ్లి దగ్గర అంతకన్నా చిన్న వన్ ఆర్‌కేలో, అంటే ఒక గది, వంటకి కాస్త చోటు ఉన్న ఇంట్లో అద్దెకున్నాను. మంచం, బీరువా, స్టవ్ అన్నీ పట్టాయి. పట్టనిది గాలే.

ఒకసారి ఒంగోలు నుంచి మా అమ్మ వచ్చింది. వచ్చిన మర్నాడే గోంగూర పచ్చడికి ఎండుమిరపకాయలు వేయించింది. ఇంటికున్న ఒక్క కిటికీ పైపులు దిగే డక్ట్‌లోకి తెరుచుకుంటుంది. ఘాటంతా ఆ డక్ట్ పట్టుకుని పైకి పాకింది. కాసేపటికి బిల్డింగంతా దగ్గులే. పై గదిలోని బీహార్ కుర్రాడు ఏదో అంటుకుందనుకుని కళ్లు తుడుచుకుంటూ వచ్చి తలుపు బాదాడు. అమ్మకి హిందీ రాదు. "అన్నం తిన్నావా బాబూ" అంటూ కంచం పెట్టేసింది. వాడు దగ్గుతూనే మారు వడ్డించుకుని మరీ తిన్నాడు. అమ్మ మాత్రం "పొయ్యి పక్కన పడక ఏంట్రా" అని వారం తిరక్కుండానే బస్సెక్కింది.

నన్నడిగితే తప్పు సైజుది కాదు. 2016 నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం కూడా నివాస గది 9.5 చదరపు మీటర్లుంటే చాలు, అంటే సుమారు 102 చదరపు అడుగులు. కానీ కిటికీ ఆరుబయటికో, తెరిచి ఉన్న వరండాలోకో ఉండాలని కూడా ఆ కోడే చెబుతుంది. ఇక్కడ 30x40 సైటులో, మన లెక్కలో 133 గజాల్లో, చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలం (సెట్‌బ్యాక్) మింగేసి గదుల మీద గదులు పేరుస్తారు. అందరికీ ఒకే సంపు. 2024 ఎండాకాలంలో ట్యాంకర్ కోసం కాపలా కాసినవాళ్లకి ఆ బాధ తెలుసు. ఆ అక్టోబరులో కావేరి నీటి పథకం ఐదో దశ మొదలై రోజుకు 77.5 కోట్ల లీటర్ల సామర్థ్యం పెరిగింది, సంతోషం. మా ఓనర్ సంపు పెరగలేదుగా! పైగా ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో అడ్వాన్సులో ఒక నెల అద్దె కోసేశాడు. రంగు వేయించనూ లేదు, తర్వాత అదే గదిలో దిగింది నా ఫ్రెండే.

మీరు కొంటున్నారు కాబట్టి కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపల వాడుకునే చోటు ఎంతో అడగండి, మెట్లు, లిఫ్టు లాంటి ఉమ్మడి స్థలంలో వాటా కూడా కలిపి చెప్పే సూపర్ బిల్టప్ అంకె చూసి మురిసిపోకండి. ఓసీ (నివాసానికి అనుమతిస్తూ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) చూపించమనండి. ఫ్లాట్ చూడ్డానికి మాత్రం మధ్యాహ్నం వెళ్లి, లైట్లన్నీ ఆర్పించండి. బ్రోకర్ "సాయంత్రం రండి సార్" అని పదేపదే అంటుంటే ఇంకో ఫ్లాట్ చూసుకోండి.