కథా క్రమంలో ఎనిమిది భారత చిత్రాలు: పన్నెండు వారాల్లో నేను చూసిన పద్ధతి

పాత తెలుగు సినిమాలను ఒక అంశం కింద వరుసగా చూస్తూ ఒక్కోదాని మీద వ్యాసం రాయాలని ఉందనీ, ఆ అంశాన్ని ఎలా ఎంచుకోవాలో, వారాలను ఎలా సర్దుకోవాలో చెప్పమనీ మీరు అడిగారు. నేను ఈ ప్రయత్నం రెండుసార్లు చేశాను. మొదటిది ఆరో వారంలో ఆగిపోయింది, రెండోది చివరిదాకా సాగింది. రెండింటి మధ్య తేడా ఎక్కడుందో చెబితే మీకు ఉపయోగపడుతుందని అనుకుంటున్నాను.

మొదటిసారి 1950, 60 దశకాల మంచి చిత్రాలన్నీ ఏరి, ఏడాదికి 52 వారాలు గనుక 52 పేర్లు రాసుకున్నాను. ఒక చిత్రానికీ తరువాతి చిత్రానికీ ఏ సంబంధమూ లేకపోవడంతో, ఒక వారం తప్పిపోతే మళ్లీ అందుకోవాలన్న పట్టుదల కలగలేదు. పైగా రాసిన ప్రతి వ్యాసమూ కథ, నటీనటులు, పాటలు అనే ఒకే మూసలో తయారైంది. కాలం, భాష, జానర్ వంటివి సినిమాలను పోగుచేయడానికి పనికొస్తాయి గానీ వాటి గురించి ఏం రాయాలో చెప్పవు. అందుకని రెండోసారి ఒక ప్రశ్నతో మొదలుపెట్టాను: మన తెర మీది మహాభారతం కవిత్రయ భారతం నుంచి ఎక్కడ పక్కకు జరిగింది, ఆ కొత్త కథ ఎక్కడి నుంచి వచ్చింది? ఈ ప్రశ్నకు ఎనిమిది చిత్రాలు సరిపోయాయి.

వాటిని విడుదలైన సంవత్సరాల ప్రకారం కాకుండా కథ నడిచే క్రమంలో అమర్చాను. లక్క ఇల్లు, ద్రౌపదీ స్వయంవరం, శిశుపాల వధ ఉన్న ‘శ్రీకృష్ణ పాండవీయం’ (1966) మొదటిది. సుభద్రా పరిణయం ఉంది కనుక ‘శ్రీకృష్ణార్జున యుద్ధం’ (1963) రెండోది. ఆ తరువాత ‘పాండవ వనవాసం’ (1965), పాండవులు అడవిలో ఉన్న కాలంలోనే జరిగే ‘మాయాబజార్’ (1957), అజ్ఞాతవాసానికి ‘నర్తనశాల’ (1963), రాయబారానికి ‘శ్రీకృష్ణావతారం’ (1967), చివరన యుద్ధానికి 1977 నాటి రెండు చిత్రాలు ‘దానవీరశూరకర్ణ’, ‘కురుక్షేత్రం’. విడుదల క్రమంలో చూస్తే నిర్మాణ పద్ధతులు ఎలా మారుతూ వచ్చాయో బాగా తెలుస్తుంది, అది మీ ప్రశ్న అయితే అదే పాటించండి. నా ప్రశ్నకు మాత్రం కథా క్రమమే సరైనది.

ఆ క్రమం వల్ల నేను ముందుగా ఊహించనిది ఒకటి దొరికింది. మూడు, నాలుగు, ఐదో చిత్రాల్లో వరుసగా ఎస్.వి.రంగారావు ఉన్నారు: ఒక వారం దుర్యోధనుడు, మరుసటి వారం ఘటోత్కచుడు, ఆపై వారం కీచకుడు. విడివిడిగా ఈ మూడు చిత్రాలనూ చిన్నప్పటి నుంచి ఎన్నోసార్లు చూసిన నాకు, వారం వారం వెంటవెంటనే చూసినప్పుడు గాని, ఆ నవ్వు మూడు పాత్రల్లో మూడు రకాలుగా ఉందన్న సంగతి తెలియలేదు. దుర్యోధనుడి నవ్వులో అధికారం ఉంది, ఘటోత్కచుడిదాంట్లో పసితనం ఉంది, కీచకుడిది వింటే భయం వేస్తుంది. కీచకుడి పాత్రకు ఆయనకు 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. సావిత్రి గారు కూడా ఇదే మూడు వారాల్లో ద్రౌపదిగా, శశిరేఖగా, మళ్లీ ద్రౌపదిగా కనిపిస్తారు. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా ఆవిడ నటించిన ఘట్టాన్ని, రంగారావు గారి నడకను ముందు వారమే శ్రద్ధగా గమనించి ఉన్న కంటితో చూడాలి. మీకు తీరిక తక్కువైతే ఈ మూడు చిత్రాలతోనే ఒక చిన్న వరుస పెట్టుకోవచ్చు. ఇంకొక విషయం, ‘పాండవ వనవాసం’ మొత్తం పాండవుల మీదే నడుస్తుంది, వెంటనే వచ్చే ‘మాయాబజార్’లో పాండవులు ఒక్కసారి కూడా తెర మీద కనిపించరు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టినందువల్లే ఆ వ్యాసం నాకు రాయగలిగినంత బాగా వచ్చింది.

ఇక అసలు ప్రశ్నకు దొరికిన సమాధానం. శశిరేఖ వ్యాసుడి భారతంలో లేదు, గయుడి కోసం కృష్ణార్జునులు పోరాడడమూ లేదు. శకుని తన వారందరినీ చెరలో పోగొట్టుకుని కౌరవ వంశం మీద పగబట్టాడన్న ‘శ్రీకృష్ణ పాండవీయం’ కథా అందులో కనిపించదు. చిలకమర్తి వారి ‘గయోపాఖ్యానం’ తెలుగునాట ఊరూరా ఆడిన నాటకం, ‘మాయాబజార్’ సురభి నాటక సమాజం వారు ఇప్పటికీ ప్రదర్శించే కథ, ‘శ్రీకృష్ణావతారం’ రాయబార ఘట్టంలో ఘంటసాల గొంతులో వినిపించేవి తిరుపతి వేంకట కవుల నాటక పద్యాలు. మన సినిమా భారతం తిక్కన కన్నా నాటక రంగానికి ఎక్కువ రుణపడి ఉందని అప్పుడు అర్థమైంది. అందుకే ప్రతి చిత్రానికీ ముందు సంబంధించిన పర్వాన్ని వచనంలోనైనా ఒకసారి చదవమని గట్టిగా చెబుతాను.

వారాల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఎనిమిది చిత్రాలకు పన్నెండు వారాలు పెట్టుకున్నాను, ఖాళీగా ఉంచిన వారాల్లో రెండు ఇంట్లో పెళ్లి పనులకే పోయాయి. శనివారం రాత్రి కాగితం, కలం లేకుండా చూడడం, ఆదివారం పొద్దున జ్ఞాపకం ఉన్నది ఒక పేజీ రాయడం, వారం మధ్యలో ఆ పేజీలో చోటు చేసుకున్న రెండు ఘట్టాలను మాత్రమే మళ్లీ చూడడం నా పద్ధతి. ‘మాయాబజార్’ మూడు గంటలకు పైన ఉంటుంది, ‘దానవీరశూరకర్ణ’ దాదాపు నాలుగు గంటలు గనుక దానికి రెండు రాత్రులు కేటాయించండి. ‘మాయాబజార్’కు 2010లో రంగులద్దిన ప్రతి వచ్చింది, కానీ ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే వెన్నెలను నలుపు తెలుపుల కోసం వెలిగించారు, ముందు దాన్నే చూడండి. తేదీలు ఖాయం చేసుకునే ముందు ప్రతి చిత్రానికీ దొరికే కాపీ నిడివి సరిచూసుకోవడం మరచిపోకండి. నేను చూసిన ఒక ప్రతిలో పద్యాలు కొన్ని కోసేసి ఉన్నాయని, వ్యాసం రాశాకే తెలిసి మొత్తం తిరగరాయవలసి వచ్చింది.

చివరి రెండు చిత్రాలూ 1977 సంక్రాంతికి, జనవరి 14న, ఒకే రోజు విడుదలయ్యాయి. ‘దానవీరశూరకర్ణ’కు ఎన్.టి.రామారావు తానే దర్శకుడై కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడు పాత్రలూ వేశారు. మరొకదాంట్లో నటుడు కృష్ణ అర్జునుడు, శోభన్‌బాబు కృష్ణుడు, కృష్ణంరాజు కర్ణుడు. ‘కురుక్షేత్రం’ దర్శకుడు కమలాకర కామేశ్వరరావు, ‘పాండవ వనవాసం’, ‘నర్తనశాల’, ‘శ్రీకృష్ణావతారం’ కూడా ఆయనవే. ఎనిమిదింటిలో నాలుగు ఒకే దర్శకుడివని పట్టిక రాసుకున్నాకే నాకు తట్టింది. ఆ నాలుగింటిని విడిగా చూడడం నా తరువాతి వరుస.