హెర్పిస్ మెదడువాపు తగ్గాక పాప చేతులు మెలికలు తిరుగుతుంటే ఏం చేయాలి?

మీ రెండేళ్ళ పాప ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన మూడు వారాలకి చేతులూ నాలుకా వాటంతటవే ఆడుతున్నాయి, హెర్పిస్ వైరస్ తిరగబెట్టిందా అని అడిగారు కదండీ. తిరగబెట్టినా తిరగబెట్టొచ్చు. కానీ ఈ వయసులో ఈ కదలికలు కనబడితే ముందు అనుమానించాల్సింది ఇంకోటుంది: ఒంట్లో రక్షణ వ్యవస్థే మెదడు మీద పడటం. మా మేనల్లుడికి ఏడాదిన్నరప్పుడు అచ్చం ఇలాగే అయింది.

వాడికి జ్వరం లేదు. నిద్ర మాత్రం అసలు పట్టేది కాదు. పెరుగన్నం ముద్ద చూసి చెయ్యి చాపితే, అది ముద్ద దాకా వెళ్ళకుండా మెలికపడి వెనక్కి పోయేది. నాలుక లోపలికీ బయటికీ ఆడుతూనే ఉండేది. వచ్చిన నాలుగు మాటలూ పోయాయి. ఫిట్సనుకుని మందు పెంచారు, ఏం మారలేదు. మా అమ్మ దిష్టి కూడా తీసిందనుకోండి.

కాకినాడ తీసుకెళ్తే, పిల్లల న్యూరాలజీ డాక్టరుగారు మా చెల్లి ఫోన్లో తీసిన వీడియో చూసి వెంటనే మళ్ళీ వెన్నునీరు తీయించారు. హెర్పిస్ పీసీఆర్ (ఆ నీటిలో వైరస్ ఉందేమో చూసే పరీక్ష) నెగటివ్ అని తేలేదాకా ఎసైక్లోవిర్ అనే వైరస్ మందు ఎక్కించారు. ఎన్‌ఎండీఏ రిసెప్టర్ యాంటీబాడీలు (మెదడు కణాల మీదే దాడిచేసే రక్షణ ప్రోటీన్లు) మాత్రం పాజిటివ్. అంటే వైరస్ పోయింది, ఒంట్లో రక్షణ వ్యవస్థే మెదడు మీద పడింది. ఇదేమీ లక్షకొకరికి వచ్చేది కాదు: స్పెయిన్‌లో హెర్పిస్ మెదడువాపు వచ్చిన 51 మందిని గమనిస్తే 14 మందికి ఇలా యాంటీబాడీలతో మెదడువాపు వచ్చిందని 2018లో ప్రచురించారు. నాలుగేళ్ళలోపు పిల్లల్లో ఎక్కువగా ఈ మెలికల రూపంలోనే బయటపడుతుంది.

స్టెరాయిడ్లు, ఐవీఐజీ (దాతల రక్తంలోంచి తీసిన యాంటీబాడీలు) ఇచ్చారు, చాలక తర్వాత రక్షణ వ్యవస్థని అణిచే రిటుక్సిమాబ్ అనే మందు. మెలికలు మెల్లగా తగ్గాయి. ఇప్పుడు నడుస్తున్నాడు, మాటలు తక్కువే, ఫిట్స్ మందు నడుస్తోంది. మొదట వైరస్ చేసిన నష్టాన్ని ఈ మందులు పూడ్చలేవని డాక్టరుగారు ముందే చెప్పారు.

దోమలు, పందులు అని ఊళ్ళోవాళ్ళు అంటే కంగారుపడకండి. మన వరిచేల వైపు దోమతో వచ్చేది జపనీస్ మెదడువాపు, దాని టీకా వేరే. హెర్పిస్ దోమతో రాదు.

ఈరోజే వీడియో తీసి, డిశ్చార్జి కాగితాలు, పాత ఎమ్మారై పట్టుకుని పిల్లల న్యూరాలజీ ఉన్నచోటికి వెళ్ళండి. యాంటీబాడీ పరీక్షకి శాంపిల్ బయటి ల్యాబుకి పంపితే రిపోర్టు ఆలస్యమవుతుంది, ఈలోపే స్టెరాయిడ్లు మొదలుపెట్టొచ్చా అని అడగండి.