వెండి బూట్లు ఎర్రబడ్డాయని పాప అలిగితే

మీ పాప 'విజార్డ్ ఆఫ్ ఓజ్' (డొరొతీ అనే అమ్మాయి ఓజ్ అనే మాయాదేశానికి వెళ్లే కథ) పుస్తకం ముందే చదివేసి, 1939 నాటి హాలీవుడ్ సినిమా పెట్టగానే "డొరొతీవి వెండి బూట్లు కదా, ఎర్రవేంటి?" అని సగంలో లేచిపోయిందన్నారు. మీది విజయనగరం, మాది శ్రీకాకుళం. మా మేనకోడలిదీ అచ్చం ఇదే గోలండీ.

1900లో అమెరికా రచయిత ఎల్. ఫ్రాంక్ బామ్ రాసిన పుస్తకంలో వెండివే. టెక్నికలర్ అనే అప్పటి రంగుల సినిమా పద్ధతిలో తెర మీద బాగా మెరవాలని సినిమావాళ్లు కెంపు రంగు చేశారు. ఆ మాట చెప్పగానే మా పిల్ల వెనక్కొచ్చి కూర్చుంది. "ఇంకేం మార్చారో పట్టుకో, ఒక్కోదానికి ఒక జంతిక" అన్నాను. డబ్బా సగం ఖాళీ! పుస్తకంలో ఓజ్ నిజంగా ఉన్న దేశం, సినిమాలో దాన్ని కలగా తేల్చేశారు. అది మాత్రం నాకూ నచ్చలేదు, అక్కడ పాపతో వాదించకండి.

అప్పటికీ ఒప్పుకోకపోతే ముందు మాయాబజార్ పెట్టండి. వ్యాసభారతంలో అసలు శశిరేఖే లేదు. అయినా ఘటోత్కచుడు లడ్డూలు మింగుతుంటే మనమెప్పుడైనా అడ్డు చెప్పామా?

ఓజ్ సినిమాలో ఎగిరే కోతులు వచ్చినప్పుడు మాత్రం పక్కనే ఉండండి. మా పిల్ల దుప్పట్లో దూరిపోయింది.