చీటీ మీద ఈ ఖాళీలు ఎక్కడివి?

ప్రోగ్రామింగ్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల నల్గొండ, పాలమూరు వైపు నుంచి వచ్చిన ప్రశ్నలు చాలావరకు ఒకే చోట తిరుగుతున్నాయి. కోడ్ మధ్యలో నాలుగైదు లైన్ల మ్యాటర్ రాస్తే దాని ముందు అక్కర్లేని ఖాళీలు వచ్చి చేరడం అన్నదే అందరి బాధ. క్లాక్ టవర్ దగ్గర సాయంత్రం బ్యాచ్‌కు పైథాన్ చెబుతుంటాను. అక్కడ కూడా పిల్లలు లూపుల దగ్గర కన్నా ఇక్కడే ఎక్కువ తికమక పడతారు. పాఠ్యపుస్తకాలు దీనికి అర పేజీ కూడా ఇవ్వవు. అందుకే ఈసారి పేజీ మొత్తం దీనికే.

ప్రశ్న: మేడం, నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో కంప్యూటర్ ఆపరేటర్‌ని. కాంటా చీటీ ప్రింట్ చేసే చిన్న ప్రోగ్రాం పైథాన్‌లో రాసిన. చీటీ మ్యాటర్ మొత్తం ఫంక్షన్ లోపల ట్రిపుల్ కోట్స్‌లో పెట్టిన. ప్రింట్ తీస్తే మొదటి లైను ఎడమకే ఉంది, మిగతావన్నీ కుడికి జరిగినయ్. కొన్ని లైన్లు తెగి కిందికి పడుతున్నయ్. మ్యాటర్‌ను ఎడమ అంచుకు తెస్తే చీటీ బాగుంటోంది గానీ కోడ్ చూడబుద్ధి కావడం లేదు. ఏది సరైన పద్ధతి?

జవాబు: రెండూ బాగుండే పద్ధతి ఉంది. కోడ్ అందాన్ని వదులుకోనక్కర్లేదు.

ట్రిపుల్ కోట్స్ అంటే వరుసగా మూడు కొటేషన్ గుర్తులు. అవి తెరిచిన దగ్గర్నుంచి మూసేదాకా మధ్యలో ఉన్న ప్రతి స్పేసూ, ప్రతి ఎంటరూ పైథాన్ లెక్కలో మ్యాటరే. మీ ఫంక్షన్ ఒక క్లాసు లోపల ఉంది. క్లాసుకు నాలుగు, ఫంక్షన్‌కు నాలుగు, మొత్తం ఎనిమిది స్పేసులు. అవి కోడ్ చదివే మీ కోసం పెట్టుకున్నవి. కానీ కోట్స్ లోపల ఉన్నాయి కాబట్టి ప్రింటర్ దాకా వెళ్లాయి. మీ దగ్గరున్నది 58 మిల్లీమీటర్ల పేపర్ ప్రింటర్ అని రాశారు. అలాంటి వాటిలో మామూలు సైజు ఇంగ్లిష్ అక్షరాలు సాధారణంగా లైనుకు 32 పడతాయి. ఎనిమిది ఖాళీలకే పోతే మిగిలేది 24. అంతకన్నా పొడవున్న లైను తెగి కింద పడక తప్పదు.

ప్రింటర్‌కు అందుతున్నది ఇదీ. చదవడానికి వీలుగా తెలుగులో రాస్తున్నాను. ఒక్కో చుక్క ఒక్కో స్పేసు.

కాంటా చీటీ
········బండి నంబరు
········తూకం వివరాలు
··········నిండు బండి
··········ఖాళీ బండి
··········నికర తూకం

పైథాన్‌తో పాటే వచ్చే టెక్స్ట్‌రాప్ మాడ్యూల్‌లో డెడెంట్ అనే ఫంక్షన్ ఉంది. 2003లో వచ్చిన 2.3 వెర్షన్ నాటి నుంచీ ఉన్నదే. అన్ని లైన్ల ముందూ ఉమ్మడిగా ఎంత ఖాళీ ఉందో చూసి అంతమేరకే కోసేస్తుంది. తూకం వివరాల కింద మీరు కావాలని ఇచ్చిన రెండు స్పేసులు అలాగే ఉంటాయి. ఒక్కో లైనునూ ఎల్‌స్ట్రిప్‌తో (ముందున్న ఖాళీలన్నీ తీసేసే ఫంక్షన్) శుభ్రం చేయమని మీకెవరో సలహా ఇచ్చారట. అది వద్దు, ఆ రెండు స్పేసులు కూడా పోతాయి.

ఇప్పుడు అసలు చిక్కు. మీ మ్యాటర్ మీద డెడెంట్ పెట్టి చూడండి, ఏమీ మారదు. చాలామంది ఇక్కడే విసిగిపోయి ఆ ఫంక్షన్ పనిచేయదని వదిలేస్తారు. మీరు 'కాంటా చీటీ' అన్న మాటను కోట్స్‌కు ఆనించి అదే లైనులో మొదలుపెట్టారు. దాని ముందు ఖాళీ సున్నా. అందరికీ ఉమ్మడి అంటే ఆ సున్నా కూడా లెక్కలోకి వస్తుంది, ఇక కోయడానికి ఏమీ మిగలదు. కోట్స్ తెరిచి వెంటనే ఒక బ్యాక్‌స్లాష్ పెట్టి, ఎంటర్ కొట్టి, మొదటి లైనును కూడా మిగతా వాటి వరుసలోకి తీసుకురండి. బ్యాక్‌స్లాష్ ఉంటే ఆ ఎంటర్ లెక్కలోకి రాదు, కాబట్టి చీటీ పైన ఖాళీ లైను రాదు. బ్యాక్‌స్లాష్ తర్వాత ఒక్క స్పేసు కూడా ఉండకూడదు, ఉంటే దాని పని చేయదు.

మూసే కోట్స్‌ను విడిగా కింద లైనులో పెట్టినా ఫర్వాలేదు. ఉత్త ఖాళీలే ఉన్న లైన్లను డెడెంట్ ఉమ్మడి లెక్కలోకి తీసుకోదు. చివర ఒక కొత్త లైను మాత్రం మిగులుతుంది. మీకు అది అవసరమే, చాలా ప్రింటర్లు ఆ గుర్తు అందేదాకా ఆఖరి లైనును ముద్రించవు.

ఇంకొకటి మీరు అడగలేదు గానీ మీ కోడ్‌లో పొంచి ఉంది. రైతు పేరు, ఊరు ఎఫ్-స్ట్రింగ్‌తో (కోట్స్ లోపలే విలువలు నింపే పైథాన్ పద్ధతి) నింపి, ఆ తర్వాత డెడెంట్ చేయాలనుకుంటున్నారు. ఊరు పేరు ఒకే లైను ఉన్నన్ని రోజులు బాగానే నడుస్తుంది. ఎవరిదో అడ్రసు రెండు లైన్లుగా వచ్చిందనుకోండి, ఆ రెండో లైను ఎడమ అంచున పడుతుంది. మళ్లీ ఉమ్మడి ఖాళీ సున్నా. ఆ ఒక్క రైతు చీటీ మాత్రమే చెదిరిపోతుంది, కారణం ఎవరికీ అంతుపట్టదు. కాబట్టి వరుస మార్చండి. ముందు ఖాళీ నమూనాను డెడెంట్ చేసుకోండి, తర్వాత ఫార్మాట్ ఫంక్షన్‌తో వివరాలు నింపండి. రెండు లైన్ల అడ్రసు లోపలికి జరిగి ఉండాలంటే అదే మాడ్యూల్‌లో ఇండెంట్ అనే ఫంక్షన్ ఉంది, దాన్ని ఆ అడ్రసు మీద మాత్రమే వాడండి.

అనుమానం వచ్చినప్పుడల్లా చీటీని ప్రింట్ చేసి చూడకండి. స్ట్రింగ్‌ను, అంటే కోట్స్‌లోని మ్యాటర్‌ను, రెప్ర్ ఫంక్షన్‌కు ఇచ్చి స్క్రీన్ మీద చూడండి. ఎంటర్లు, ట్యాబులు గుర్తులుగా కనిపిస్తాయి, స్పేసులు కోట్స్ మధ్య లెక్కపెట్టుకోవచ్చు. పేపర్ రోలూ మిగులుతుంది.

ప్రశ్న: ఎంసీఏ చదువుతున్నాను, మాది దేవరకొండ. మ్యాటర్ ముందు ఖాళీలు తీసే పద్ధతి జావాలో ఒక రకం, పైథాన్‌లో ఒక రకం, షెల్ స్క్రిప్ట్‌లో ఇంకో రకం. ఇంటర్వ్యూల్లో అడుగుతారని టెన్షన్‌గా ఉంది. అన్నీ గుర్తుపెట్టుకునేదెట్లా మేడం?

జవాబు: అన్నీ బట్టీ పట్టాల్సిన పని లేదమ్మా. ఏ భాషలోనైనా ఒక్కటే అడుగు: కోయాల్సిన ఖాళీ ఎంతో ఎవరు నిర్ణయిస్తున్నారు?

కొన్ని భాషలు మ్యాటర్‌లో అన్నిటికన్నా ఎడమన ఉన్న లైనును చూసి నిర్ణయిస్తాయి. పైథాన్ డెడెంట్, కోట్లిన్ ట్రిమ్‌ఇండెంట్ అలాంటివే. 2015 చివర వచ్చిన రూబీ 2.3లోని హియర్‌డాక్ (మొదలు, ముగింపు గుర్తుల మధ్య మ్యాటర్ రాసే పద్ధతి) కొత్త రూపం కూడా అంతే. స్కాలాలో, కోట్లిన్‌లో ఇంకో దారి కూడా ఉంది. ప్రతి లైను మొదట్లో ఒక నిలువు గీత పెడతారు, ఆ గీత దాకా ఉన్నదంతా పోతుంది.

మరికొన్ని భాషల్లో మూసే కోట్స్ ఎక్కడ పెట్టావన్నదే కొలత. 2017లో స్విఫ్ట్ 4, 2018లో పీహెచ్‌పీ 7.3, 2022లో సీ షార్ప్ 11 ఈ దారి పట్టాయి. మూసే గుర్తు కన్నా ఎడమకు ఏ లైనైనా జరిగితే ఈ మూడూ ఎర్రర్ ఇచ్చి ఆపేస్తాయి. నాకు అన్నిటికన్నా నచ్చే పద్ధతి ఇదే. ఎంత ఖాళీ కావాలో రాసేవాళ్లే చెబుతున్నారు, తప్పితే ప్రోగ్రాం నడవకముందే తెలిసిపోతుంది.

జావా ఈ రెండింటినీ కలిపింది. జావా 13, 14లలో ప్రయోగాత్మకంగా ఉండి 2020 సెప్టెంబరులో జావా 15తో టెక్స్ట్ బ్లాక్ (ట్రిపుల్ కోట్స్‌లో పలు లైన్ల మ్యాటర్ రాసే పద్ధతి) ఖాయమైంది. అందులో మూసే కోట్స్ విడి లైనులో ఉంటే అదీ ఒక లైనుగా లెక్కలోకి వస్తుంది. దాన్ని ఎడమకు జరిపితే మ్యాటర్ ముందు అంత ఖాళీ మిగులుతుంది. మ్యాటర్ కన్నా కుడికి జరిపితే ఏమీ కాదు. తెరిచే కోట్స్ పక్కన మ్యాటర్ మొదలుపెడితే కంపైలర్ ఒప్పుకోదు. మిర్యాలగూడ పాఠకుడికి వచ్చిన చిక్కు జావాలో రాదన్నమాట. ఇంటర్వ్యూలో ఇంకోటి అడగొచ్చు: లైను చివరి స్పేసులను జావా తానే తీసేస్తుంది. కావాలంటే బ్యాక్‌స్లాష్ పక్కన చిన్న ఎస్ పెట్టాలి.

జావాస్క్రిప్ట్ బ్యాక్‌టిక్‌లు (వెనక్కి వాలిన కోట్ గుర్తులు) ఏమీ కోయవు, ఉన్నది ఉన్నట్టే ఇస్తాయి. షెల్‌లో హియర్‌డాక్ గుర్తుకు హైఫన్ కలిపితే మొదట్లో ఉన్న ట్యాబులు పోతాయి. ట్యాబులు మాత్రమే, స్పేసులు పోవు. నీ ఎడిటర్ ట్యాబులను స్పేసులుగా మార్చే సెట్టింగులో ఉంటే మూసే గుర్తును కూడా షెల్ గుర్తుపట్టదు, కింద ఉన్న స్క్రిప్టంతా మ్యాటర్‌లో కలిసిపోతుంది.

ప్రశ్న: గద్వాలలో చేనేత సొసైటీకి నా తీరిక వేళల్లో కంప్యూటర్ పని చేసి పెడుతుంటాను. సభ్యులకు మీటింగ్ గురించి నాలుగు లైన్ల తెలుగు ఎస్సెమ్మెస్ పంపితే ఒక్కోదానికి రెండు మెసేజీల చార్జీ పడుతోంది. మ్యాటర్ చిన్నదే.

జవాబు: మీరు పంపిన మ్యాటర్ లెక్కపెట్టాను. అసలు మ్యాటర్ 61 అక్షరాలు. కోడ్‌లో కోట్స్ లోపల ఉండిపోయిన స్పేసులు లైనుకు ఎనిమిది చొప్పున నాలుగు లైన్లకు 32. కలిపితే 93.

ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లు. ఇంగ్లిష్ అక్షరం ఏడు బిట్లలో సర్దుకుంటుంది కాబట్టి 160 పడతాయి. మెసేజ్‌లో ఒక్క తెలుగు అక్షరం ఉన్నా మొత్తం మెసేజే అక్షరానికి రెండు బైట్ల లెక్కకు మారుతుంది, అప్పుడు 70 మాత్రమే. ఆ 70 దాటితే ముక్కలవుతుంది. ముక్కల్ని మళ్లీ కలిపేందుకు కొంత చోటు పోయి ముక్కకు 67 వస్తాయి. ఖాళీ స్పేసు కూడా అక్షరమంత చోటే తింటుంది. అంటే మీ సొసైటీ డబ్బులు కట్టి ఖాళీలను పంపుతోంది. చేనేత సొసైటీల పరిస్థితి తెలిసినదాన్ని కాబట్టి ఈ ప్రశ్న చదివి మనసు చివుక్కుమంది. పైన చెప్పినట్టు డెడెంట్ చేసి, మొదటా చివరా మిగిలిన ఎంటర్లను స్ట్రిప్‌తో తీసేయండి. 61 ఒక్క మెసేజ్‌లోనే వెళ్తుంది. డీఎల్‌టీలో (ఇలాంటి ఎస్సెమ్మెస్‌ల నమూనాలను ముందే నమోదు చేసుకునే వ్యవస్థ) రిజిస్టర్ చేసిన టెంప్లేట్‌తో కూడా సరిపోలాలి కాబట్టి రిజిస్టర్ చేసేటప్పుడే శుభ్రమైన మ్యాటర్ ఇవ్వండి.

తెలుగులో లెక్క కంటికి కనిపించినట్టు ఉండదు. 'గద్వాల' కంటికి మూడక్షరాలు. పైథాన్‌లో లెన్ (పొడవు చెప్పే ఫంక్షన్) అడిగితే ఆరు అంటుంది, ఎందుకంటే పొల్లు, వత్తు, దీర్ఘం వేటికవే విడి గుర్తులు. ఎస్సెమ్మెస్ లెక్కా అదే. 'మహబూబ్‌నగర్'లో బ, న కలిసిపోకుండా ఆపడానికి టైపు చేసే కనపడని గుర్తు కూడా ఒకటిగా లెక్కకొస్తుంది. సభ్యుల పేర్లను స్పేసులతో నింపి నిలువు వరుసలు కుదరడం లేదన్న మీ రెండో ప్రశ్నకూ కారణం ఇదే. తెలుగు పేర్లకు స్పేసులతో వరుస కుదర్చాలని చూడకండి, పట్టిక కావాలంటే ఎక్సెల్‌లోకో హెచ్‌టీఎంఎల్ పట్టికలోకో పంపండి.

ప్రశ్న: ట్యాబులా, స్పేసులా? (హైస్కూల్ టీచర్, మహబూబ్‌నగర్)

జవాబు: స్పేసులు. కోడ్‌లో రెండూ అడ్డదిడ్డంగా కలిస్తే పైథాన్ 3 ఎర్రర్ ఇస్తుంది. కోట్స్ లోపల కలిస్తే మాత్రం నోరెత్తదు. డెడెంట్ దృష్టిలో ట్యాబూ, స్పేసులూ వేర్వేరు కాబట్టి ఉమ్మడి ఖాళీ దొరకదు. కంప్యూటర్ ల్యాబ్‌లో అన్ని సిస్టమ్‌ల ఎడిటర్లకూ నాలుగు స్పేసుల సెట్టింగ్ ఒకేసారి పెట్టేయండి.

ప్రశ్న: పెద్ద ఎస్‌క్యూఎల్ క్వెరీని (డేటాబేస్‌ను వివరాలు అడిగే ఆదేశం) లైనుకో కోట్స్ పెట్టి, అన్నీ ఒక బ్రాకెట్‌లో రాస్తే ఎర్రర్ వస్తోంది. (డిగ్రీ విద్యార్థి, నల్గొండ)

జవాబు: పక్కపక్కన ఉన్న స్ట్రింగులను పైథాన్ మధ్యలో ఏమీ చేర్చకుండా అంటించేస్తుంది. మొదటి లైను చివర స్పేసు లేదు కాబట్టి టేబుల్ పేరూ, 'వేర్' అన్న మాటా ఒకే పదమైపోయాయి. ఎస్‌క్యూఎల్‌కు అదనపు ఖాళీలతో పట్టింపు లేదు. హాయిగా ట్రిపుల్ కోట్స్‌లో, కోడ్ వరుసలోనే రాసుకో, డెడెంట్ కూడా అవసరం లేదు. క్వెరీలో కోట్స్ మధ్య ఉన్న విలువల్లో మాత్రం ప్రతి స్పేసూ లెక్కే.

ప్రశ్న: మా కాలేజీ ఆఫీసు తల్లిదండ్రులకు పంపే రెండు పేజీల తెలుగు ఉత్తరం కూడా కోడ్‌లోనే పెట్టాను. డెడెంట్ చాలా? (సూర్యాపేట)

జవాబు: చాలదు. రెండు పేజీలంటే కోడ్‌లో ఉండకూడని సైజు. ఆ ఉత్తరంలో అక్షర దోషం దిద్దాల్సింది మీ తెలుగు లెక్చరర్. ఆయన పైథాన్ ఫైలు తెరిచి ఒక కోట్ పొరపాటున చెరిపేస్తే ఆ రోజు ఆఫీసు పని ఆగుతుంది. ఉత్తరాన్ని విడి టెక్స్ట్ ఫైలుగా తీసి, విద్యార్థి పేరు, ఫీజు, తేదీ ఉండాల్సిన చోట్ల గుర్తులు పెట్టి, ప్రోగ్రాంతో చదివి నింపండి. ఇండెంట్ గొడవే ఉండదు. ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైల్లో దాచే పద్ధతి) యూటీఎఫ్-8 అని తప్పకుండా రాయండి. విండోస్‌లో అది రాయకపోతే పైథాన్ ఆ సిస్టమ్ సొంత ఎన్‌కోడింగ్‌తో చదవబోయి తెలుగును పిచ్చి గుర్తులుగా మార్చవచ్చు, లేదా ఎర్రర్ ఇచ్చి ఆగిపోవచ్చు.