ఇద్దరికీ తెలిసిన సంగతి

నయం కాని జబ్బుతో ఉన్న జీవిత భాగస్వామిని కనిపెట్టుకుని ఉంటున్న పాఠకులు రాసిన ఉత్తరాల్లో మూడింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాను. మొదటిదానికి ఎక్కువ చోటు పట్టింది. అందులోని ఇబ్బందే తక్కిన రెండింటి వెనకా ఉంది కాబట్టి అది తప్పలేదు.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాకు పెళ్లయి 38 ఏళ్లు. మావారికి క్లోమగ్రంథిలో (పాంక్రియాస్‌లో) మొదలైన క్యాన్సర్ కాలేయానికి పాకిందని, నయమయ్యే దశ దాటిపోయిందని డాక్టర్లు నన్నూ మా అబ్బాయినీ పక్కకు పిలిచి చెప్పారు. ఆయనతో మాత్రం లివర్‌లో ఇన్‌ఫెక్షన్ అని, తగ్గడానికి కొంచెం టైం పడుతుందని చెప్పాం. ఆయన ఇంకేమీ అడగలేదు. ‘తగ్గాక అది చేద్దాం, ఇది చేద్దాం’ అంటుంటారు, నేను ఊ కొడుతుంటాను. మొన్నొక రాత్రి మెలకువ వచ్చి చూస్తే టేబుల్ ముందు కూర్చుని నోటుబుక్కులో ఏదో రాసుకుంటున్నారు. పొద్దున ఆయన నిద్రలో ఉండగా తీసి చూశాను. ఏ బిల్లు ఏ తారీఖుకు కట్టాలి, ఇన్సూరెన్సు కాగితాలు ఏ అరలో ఉన్నాయి, నీళ్ల మోటారు ఆగిపోతే ఏ స్విచ్చి నొక్కాలి అని వరసగా నాకోసం రాసిపెట్టారు. ఎంతో గుండ్రంగా రాసే ఆయన అక్షరాలు వంకర్లు పోయాయి. పుస్తకం ఎక్కడిది అక్కడ పెట్టేశాను. నిజం చెబితే నాన్న ధైర్యం చెడుతుందని అబ్బాయి అంటున్నాడు. చెప్పకుండా ఉంటే నాకు ఊపిరాడటం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ప్రశ్నకు సగం జవాబు ఆ నోటుబుక్కులోనే ఉంది. నీళ్ల మోటారు సంగతి కూడా మరవకుండా భార్య కోసం రాసిపెడుతున్న మనిషికి తన జబ్బు ఎంతవరకు వచ్చిందో తెలియదని ఎలా అనుకుంటాం? రోజురోజుకూ వదులైపోతున్న బట్టలు, గది బయట మాట్లాడి లోపలికి వచ్చే డాక్టరు, ముఖం కడుక్కుని వచ్చి పక్కన కూర్చునే భార్య, ఇవన్నీ ఆయన చూస్తూనే ఉన్నారు. మీకు తెలుసన్న విషయం ఆయనకు తెలుసు, ఆయనకు తెలుసన్న విషయం ఇప్పుడు మీకూ తెలిసింది. అయినా ఒకరిని నొప్పించకూడదని ఒకరు ఏమీ తెలియనట్టు ఉంటున్నారు.

ఇది మీ ఇంటికే వచ్చిన పరిస్థితి కాదు. మరణానికి దగ్గరైన రోగుల చుట్టూ ఎవరు ఏం మాట్లాడతారో, ఏం దాస్తారో అమెరికా ఆసుపత్రుల్లో గమనించిన బార్నీ గ్లేజర్, ఆన్సెల్మ్ స్ట్రాస్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు 1965లో తమ అధ్యయనాన్ని ప్రచురించారు. అందరికీ అంతా తెలిసి కూడా ఎవరూ బయటపడకుండా నడుచుకునే ఈ పరస్పర నటనను వారు ప్రత్యేకంగా వివరించారు. దీనివల్ల రోగికి కొంత మర్యాద, కొంత ఏకాంతం దక్కుతాయని వారు ఒప్పుకున్నారు, అయితే దగ్గరివాళ్లతో మనసు విప్పుకునే అవకాశం పోవచ్చని కూడా చెప్పారు. ఆసుపత్రి సిబ్బందితోనో దూరపు చుట్టాలతోనో రోగి ఇలా ఉంటే పెద్ద నష్టమేమీ లేదని నా అభిప్రాయం. 38 ఏళ్లుగా మంచీచెడూ చెప్పుకున్న భార్యాభర్తల మధ్య మాత్రం అది ఇద్దరినీ చెరో మూలకు నెట్టేస్తుంది. ఆయన రాత్రిపూట ఒక్కరే కూర్చుని రాస్తున్నారు, మీరు తెల్లవారాక ఒక్కరే నిలబడి చదువుతున్నారు.

కాబట్టి ఆయనకు ‘నిజం చెప్పే’ పని మీ ముందు లేదు. ఆయనకు తెలిసినదాన్ని మీతో పంచుకోవడానికి తలుపు తీస్తే చాలు. అందుకు ఆ నోటుబుక్కును మించిన దారి నాకు కనిపించడం లేదు. ఇద్దరే ఉన్నప్పుడు, ఆయనకు నొప్పి కాస్త అదుపులో ఉన్న వేళ చూసి, ‘మీరు నాకోసం రాస్తున్నది నేను చూశాను. ఆ మోటారు సంగతి నాకు దగ్గరుండి చూపించండి’ అనండి. చాటుగా చదివానని దాచకండి, మరో అబద్ధం మొదలవుతుంది. ఆయన లేచి మోటారు దగ్గరికి నడవగలిగితే నడవనివ్వండి, లేకపోతే మంచం మీద నుంచే చెప్పనివ్వండి. ఇంటి బాధ్యతను తన చేతులతో మీకు అప్పగించడం ఈ రోజుల్లో ఆయన చేయగలిగిన పెద్ద పని, ఆ పనిని ఆయన దొంగచాటుగా చేయవలసిన అవసరం ఉండకూడదు.

ఆ తర్వాత ఆయన మాట్లాడవచ్చు, మాట్లాడకపోనూవచ్చు. ‘మీకేమనిపిస్తోంది? డాక్టరును ఏమైనా అడగాలని ఉందా?’ అని మీరు అడిగి ఆగండి. మౌనం ఎంతసేపు సాగినా దాన్ని ధైర్యవచనాలతో నింపకండి. కొందరు ఎన్నాళ్లు ఉంటానని సూటిగా అడుగుతారు, కొందరు నొప్పి ఎక్కువవుతుందా అన్నదొక్కటే అడుగుతారు, కొందరు ఆ వివరాలు భార్యతోనో బిడ్డలతోనో మాట్లాడుకోమని డాక్టరుకు అప్పజెబుతారు. ఏది ఎంతవరకు తెలుసుకోవాలన్నది ఆయన ఇష్టం. అడిగినదానికి మాత్రం అబద్ధం చెప్పవద్దు.

మీ అబ్బాయి భయం నాకు అర్థమవుతోంది. మాట బయటపడిన రోజున ఏడుపులు ఉంటాయి, రెండు మూడు రాత్రులు నిద్ర పట్టకపోవచ్చు. కానీ ఆయన ధైర్యం మీరు చెప్పిన ఇన్‌ఫెక్షన్ కథ మీద నిలబడి లేదని ఆ నోటుబుక్కును చూస్తే తెలుస్తూనే ఉంది. అబ్బాయిని కూడా ఒకసారి దాన్ని చూడమనండి.

ఇంకో కారణం వల్ల కూడా ఈ మాట త్వరగా జరగాలి. ఊపిరి అందనప్పుడు వెంటిలేటర్ పెట్టాలా వద్దా, చివరి రోజులు ఇంట్లో గడపాలా ఆసుపత్రిలోనా, తాను మాట్లాడలేనప్పుడు తన తరఫున ఎవరు మాట్లాడాలి అన్నవి ఆయన చెప్పవలసిన విషయాలు. వాటిని స్పృహలో ఉండగానే చెప్పించుకుని డాక్టరుకు తెలియజేసి కాగితం మీద పెట్టించకపోతే, ఏ అర్ధరాత్రో అత్యవసర విభాగం గుమ్మంలో నిలబడి మీరూ మీ అబ్బాయీ వాటిని తేల్చుకోవలసి వస్తుంది.

పాలియేటివ్ కేర్ అనే ఉపశమన చికిత్స చేసే డాక్టరును ఇప్పుడే కలవండి. డాక్టర్లందరూ చేతులెత్తేశాక వెళ్లే చోటు అది అని చాలామంది అనుకుంటారు. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల మీద చేసిన పరిశోధన 2010లో వెలువడింది. అందులో మామూలు చికిత్సతో పాటు మొదటి నుంచీ ఉపశమన చికిత్స అందినవారికి కుంగుబాటు తక్కువగా ఉంది, రోజులు మెరుగ్గా గడిచాయి. వారి మధ్యస్థ ఆయుష్షు, అంటే సగం మంది దాటి బతికిన కాలం, 11.6 నెలలు ఉండగా మామూలు చికిత్స మాత్రమే పొందినవారిది 8.9 నెలలు. అది వేరే క్యాన్సర్ కనుక ఆ అంకెలు మీవారికి యథాతథంగా వర్తించవు. ముందుగానే వెళ్లడం వల్ల నష్టం లేదని మాత్రం ధైర్యంగా చెప్పగలను.

ప్రశ్న: నా వయసు 66. మా ఆవిడకు రొమ్ము క్యాన్సర్ వెన్నెముకకు పాకింది. నొప్పి తగ్గడానికి రేడియేషన్ ఇచ్చారు. ఇప్పుడు మార్ఫిన్ మాత్రలు రాశారు. అవి మొదలుపెడితే మనిషి తొందరగా పోతుందని, అలవాటు పడిపోతుందని మా తోడల్లుడు భయపెడుతున్నాడు. ఇంకొకటి అడగడానికి మొహమాటంగా ఉంది. ఆసుపత్రి మంచం తెచ్చి ఆమెను వేరే గదిలో పడుకోబెట్టాం. రేడియేషన్ అయిన మనిషికి దగ్గరగా ఉండకూడదని బంధువులు అంటున్నారు. నాకు ఆమె పక్కన పడుకోవాలని ఉంది. పడుకోవచ్చా?

జవాబు: నిక్షేపంగా పడుకోవచ్చు. ఇందులో మొహమాటపడవలసింది ఏమీ లేదు. క్యాన్సర్ అంటుకునే జబ్బు కాదు. ఆమెకు ఇచ్చినది యంత్రంతో బయటి నుంచి పంపే రేడియేషన్ అయితే, యంత్రం ఆగిన క్షణమే కిరణాలు ఆగిపోతాయి, ఒంట్లో ఏమీ మిగలదు. అయోడిన్ వంటి రేడియోధార్మిక మందును ఒంట్లోకి ఎక్కించిన వారికైతే కొన్ని రోజులు దూరం పాటించమని ఆసుపత్రివారే చెప్పి పంపుతారు. కీమోథెరపీ జరిగితే తర్వాతి రెండు రోజుల పాటు మలమూత్రాలు, వాంతులు శుభ్రం చేసేటప్పుడు చేతికి తొడుగులు వేసుకుంటే చాలు. చేయి పట్టుకోవడానికి, తల నిమరడానికి, కౌగిలించుకోవడానికి ఏ అడ్డంకీ లేదు.

వెన్నెముక కాబట్టి ఒక్క జాగ్రత్త తీసుకోండి. ఆమెను ఎలా పక్కకు తిప్పాలో, ఎక్కడ దిండు పెట్టాలో నర్సును అడిగి నేర్చుకోండి. ఆసుపత్రి మంచం ఇద్దరికీ చాలదు, కాబట్టి దాని పక్క కమ్మీ దించి మీ మంచాన్ని అదే ఎత్తులో ఆనించి వేసుకోవచ్చు. చక్రాలకు బ్రేకు వేయడం మరవకండి. ఆమె కాళ్లలో కొత్తగా బలం తగ్గినా, తిమ్మిరి ఎక్కినా, మూత్రం బిగబట్టినా, తెలియకుండా పోతున్నా అది వెన్నుపాము నొక్కుకుపోతున్న సూచన కావచ్చు. తెల్లవారాక చూద్దాం అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

మార్ఫిన్ విషయంలో మీ తోడల్లుడి భయం చాలా పాతది. నర్సుగా మొదలై డాక్టరైన సిసిలీ సాండర్స్ 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను (మరణానికి దగ్గరైన రోగులను చూసుకునే కేంద్రాన్ని) ప్రారంభించి, నొప్పి వచ్చాక బతిమాలించుకుని ఇచ్చే పద్ధతిని పక్కన పెట్టి, నొప్పి తిరగబెట్టకముందే గడియారం చూసి నోటి ద్వారా మార్ఫిన్ ఇచ్చే పద్ధతికి ప్రాచుర్యం తెచ్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో విడుదల చేసిన క్యాన్సర్ నొప్పి మార్గదర్శకాలూ ఆ దారినే నడిచాయి. డాక్టరు నొప్పికి తగినట్టు కొద్దికొద్దిగా పెంచుతూ వెళ్లే మోతాదు ఆయుష్షును తగ్గించదు. మందును హఠాత్తుగా ఆపితే శరీరం ఇబ్బంది పడుతుంది కాబట్టి ఆపవలసి వస్తే మెల్లగా తగ్గిస్తారు, దాన్ని వ్యసనం అనరు. మొదటి కొద్ది రోజులు మత్తుగా, వికారంగా ఉండి సర్దుకుంటుంది. సర్దుకోనిది మలబద్ధకం. విరేచనం సాఫీగా కావడానికి మందు మొదటి రోజు నుంచే కలిపి రాశారో లేదో చూసుకోండి, చాలాచోట్ల ఇది మరిచిపోతారు. ఆమెకు మూత్రపిండాల ఇబ్బంది ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి. మాత్రలను తాళం వేసిన చోట దాచండి.

రెండు మోతాదుల నడుమ నొప్పి పొడుచుకొచ్చినప్పుడు వేసుకోవడానికి విడిగా ఇచ్చే త్వరగా పనిచేసే మోతాదును స్నానానికో, పక్క మార్చడానికో అరగంట, ముప్పావుగంట ముందు వేస్తే కదలిక సులువవుతుంది. పక్కన పడుకునే ముందు కూడా అదే ఉపాయం పనికొస్తుంది. అయితే ఆమెకు ఇష్టమో కాదో ముందు ఆమెనే అడగండి. మంచం, గది, మాత్ర అన్నీ ఇంటిల్లిపాదీ కలిసి నిర్ణయించినట్టు మీ ఉత్తరంలో ఉంది, ఆమె ఏమన్నదో ఒక్క వాక్యం కూడా లేదు.

ప్రశ్న: మావారు వారం నుంచి తిండి దాదాపు మానేశారు. బతిమాలి, కోప్పడి రెండు ముద్దలు పెడితే కక్కేస్తున్నారు. సెలైన్ ఎక్కించమంటే డాక్టరు అవసరం లేదంటున్నారు. నేను నిద్రపోయి ఎన్నాళ్లయిందో గుర్తు లేదు. ఒక్కోసారి ఇది తొందరగా ముగిసిపోతే బాగుండునని అనిపిస్తోంది. ఇలా అనిపించడం పాపం కదండీ?

జవాబు: కాదమ్మా. కళ్లెదుట ఆయన పడుతున్న బాధ ముగియాలని కోరుకుంటున్నారు. ఆ కోరిక, ఆయన ఇంకొన్నాళ్లు ఉండాలన్న ఆశ ఒకే గంటలో ఒకే మనసులో ఉండటం నేను తరచూ చూసేదే.

జబ్బు చివరి దశలో శరీరం ఆహారాన్ని వాడుకోలేదు, ఆకలి పోతుంది. ఆయన మీ చేతి ముద్దను కాదంటున్నారంటే మిమ్మల్ని కాదంటున్నారని అర్థం కాదు. తినకపోవడం వల్ల జబ్బు ముదరలేదు, జబ్బు ముదిరింది గనుక తినలేకపోతున్నారు. అడిగితే, మింగగలిగితే చెంచాతో ఇవ్వండి, అడగకపోతే బలవంతం వద్దు. ఈ దశలో ఎక్కించిన సెలైన్ ఒంట్లో నీరు చేరి వాపుగానో, గొంతులో గురగురగానో, ఆయాసంగానో తేలవచ్చు కాబట్టి మీ డాక్టరు మాట సబబుగానే ఉంది. ఆయనకు ఎక్కువ బాధ కలిగించేది నోరు ఎండిపోవడం. మెత్తటి బట్టను తడిపి నాలుకను, చిగుళ్లను తరచూ తుడవండి, పెదవులకు తేమ ఆరకుండా ఏదైనా రాయండి.

మీ నిద్ర సంగతి తేలిగ్గా తీసుకోవలసింది కాదు. జీవిత భాగస్వామికి సేవ చేస్తూ నలిగిపోతున్న పెద్ద వయసు వారిని నాలుగేళ్లు గమనించిన ఒక అమెరికా అధ్యయనం 1999లో వెలువడింది. అలాంటి సేవ చేయనవసరం లేనివారితో పోలిస్తే వారిలో మరణించే ముప్పు 63 శాతం ఎక్కువగా కనిపించింది. రాత్రి కాపలాకు వంతులు వేసి ఒక్కరినైనా పిలిపించుకోండి. ‘ఏదైనా అవసరమైతే చెప్పు’ అన్నవాళ్లకు ఫలానా రాత్రి రమ్మని మీరే చెప్పండి.

రాబోయే రోజుల్లో ఆయన ఎక్కువసేపు నిద్రలో ఉంటారు, కాళ్లూ చేతులూ చల్లబడతాయి, ఊపిరి కొంతసేపు ఆగి మళ్లీ అందుకుంటుంది. గొంతులో చప్పుడు వినేవారిని భయపెడుతుంది గాని, ఆ మగతలో ఉన్న మనిషికి దానివల్ల బాధ ఉండదనే భావిస్తారు. పక్కకు తిప్పి పడుకోబెడితే కొంత తగ్గుతుంది. పలకకపోయినా మీరు మాట్లాడవచ్చు. స్పందించే స్థితి దాటిన కొందరు హాస్పిస్ రోగుల మెదడు శబ్దాలకు స్పందిస్తున్నట్టు బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో చూపించారు. నొప్పి, ఆయాసం, కలవరం హఠాత్తుగా పెరిగితే వాడవలసిన మందులేవో, అవి నోటితో మింగలేకపోతే ఎలా ఇవ్వాలో డాక్టరును ఈరోజే అడిగి రాయించుకోండి. రాత్రివేళ ఫోను చేయవలసిన నంబరును, ప్రాణం పోయాక ధ్రువపత్రం కోసం ఎవరిని పిలవాలన్న వివరాన్ని ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, ఆయన దగ్గర కూర్చునే ప్రతి ఒక్కరికీ కనిపించేలా గోడకు అతికించండి.