ఓవెన్ లేకుండా కూరిన పుట్టగొడుగులు చేయవచ్చా? నేను చేస్తే పెనంలో నీళ్లు ఊరిపోతున్నాయి

ఓవెన్ అక్కర లేదు, గ్యాస్ పొయ్యి చాలు. అసలు చిక్కు మీరు చెప్పిన ఆ నీళ్లతోనే.

మహబూబ్‌నగర్‌లో మా ఇంట్లో మొదటిసారి చేసినప్పుడు నాకూ అదే జరిగింది. గుత్తి వంకాయ చేసిన చేతికి ఇదెంత అనుకున్నాను. వేయించిన పల్లీలు, నువ్వుల పొడిలో ఉప్పు, కారం, చింతపండు గుజ్జు కలిపి, పచ్చి పుట్టగొడుగుల్లో కూరి మూత పెట్టాను. పది నిమిషాలకు మూత తీస్తే పెనం నిండా పులుసు. మా అత్తమ్మ తొంగి చూసి, "పోనీలే, అన్నంలో కలుపుకుందాం" అన్నారు. రుచికి మాత్రం వంక పెట్టలేం.

పుట్టగొడుగులో 90 శాతానికి పైగా నీరే. ఉప్పు తగిలినా, వేడి తగిలినా అది బయటికి వస్తుంది. మూత పెడితే ఆవిరి కూడా మళ్లీ అందులోనే పడుతుంది. అందుకే కూరడానికి ముందే ఆ నీటిని వదిలించాలి.

ప్యాకెట్టులో పెద్దవి ఏరుకోండి, చిన్నవి కూరకు పనికొస్తాయి. గబగబా కడిగి, గుడ్డతో తుడవండి. కాడను అటూ ఇటూ కదిపితే ఊడి వస్తుంది. గొడుగులను పెనం మీద బోర్లించి, ఉప్పు వేయకుండా, మూత పెట్టకుండా నాలుగైదు నిమిషాలు ఉంచి, ఊరిన నీటిని వంపేయండి. కాడలను పారేయకుండా సన్నగా తరిగి, ఉల్లిపాయ, పచ్చిమిర్చితో తడి పూర్తిగా ఆరేదాకా వేయించండి. అందులో పల్లీల పొడి, కొత్తిమీర, ఉప్పు కలపండి. పాలమూరులో పల్లీలకు కొదవా! చింతపండు వద్దు, దించాక నిమ్మరసం పిండితే చాలు. చీజ్ మీ ఇష్టం, నాకైతే పల్లీల ముందు అది చప్పగా అనిపిస్తుంది.

కూరిన వాటిని గుంత పొంగనాల పెనంలో పెట్టి చూడండి. ఒక్కో గుంతలో ఒక్కటి కుదురుగా కూర్చుంటుంది, దొర్లదు, మసాలా చిందదు. గుంతకు అర చెంచా నూనె వేసి, సన్నని మంట మీద అడుగు ఎర్రబడేదాకా ఉంచండి.

వానాకాలంలో చెలకల్లో, పుట్టల మీద మొలిచేవాటితో మాత్రం ప్రయోగాలు వద్దు. విషపు జాతుల్లో కొన్నింటి విషం ఎంత ఉడికించినా పోదు.

వేడి మీదే వడ్డించండి. ఒకసారి మా అబ్బాయికి బడికి డబ్బాలో పెట్టి పంపితే, మధ్యాహ్నానికి మళ్లీ నీరు ఊరిందని అలాగే వెనక్కి తెచ్చాడు.